పెట్టె దిగే దారి

మొదటి పలక లేవనంటోంది. ఎలా లేస్తుంది, ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ దానికి మైనం రుద్దుతూనే ఉన్నాను, సందుల్లోకి దిగి రాయిలా బిగుసుకుపోయింది, ఇప్పుడు రస్సెల్ అనే ఫైరింజను మనిషి మోకాళ్ళ మీద కూచుని ఇనుప కడ్డీ దూర్చి పెకలిస్తూ మూలుగుతున్నాడు, గోడ వారన నేల మీద పడుకుని నేనూ మూలుగుతున్నాను, ఈ గదిలో మూలగనిది అంబులెన్సు పిల్ల జోడీ ఒక్కతే. "కొంచెం ఓర్చుకో బంగారం, కాసేపట్లో కింద ఉంటావ్" అంటుంది. మనవరాలి వయసు పిల్ల, నాకు మనవరాళ్ళంటూ ఉంటే. ఎవరికి బంగారాన్నమ్మా నేను, తుంటి విరిగి, నలిగిన నైట్ గౌనులో, ముక్కూ మొహం తెలియని మగవాళ్ళ ముందు సంచిలా పడున్నదాన్ని. తెల్లవారుతూండగా కింద వంటగదిలోంచి మా ఆయన ఐవర్ కేక వినబడి గబగబా లేచాను, తివాచీ అంచు కాలికి తగిలింది, అంతే, ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో నేనే విన్నాను. పాపం మెట్ల మీంచి దింపాలనే చూశారు. పొగగొట్టాన్ని చుట్టుకుంటూ దిగే మెలిక మెట్లవి, ఒంగి నడవాలి లేదా కూచుని జారాలి, ఒళ్ళు కదలకుండా చాపి ఉంచాల్సిన మనిషి వాటిలో పట్టదు. కిటికీలోంచి దించుదామంటే అందులో పిల్లి దూరడమే కష్టం, పైగా దాని నెత్తిన గడ్డికప్పు వేలాడుతూ ఉంటుంది. ఇక మిగిలింది పెట్టె కంతే.

ఈ ఇల్లు కట్టినవాడికి మనుషులు పైన పడుకుంటారనీ, పైనే పోతారనీ తెలుసు. స్థలం కలిసొస్తుందని మెట్లు ఇరుగ్గా కట్టి, శవప్పెట్టె కోసం నేలలోనే దారి విడిచాడు. వెడల్పాటి ఓకు పలకలు, ఇనప మేకుల్లేకుండా కొయ్య చీలలతో బిగించినవి, చీలలు లాగి పలకలు తీస్తే కింద వంటగది కనబడుతుంది, తాళ్ళు కట్టి పెట్టెని అందులోంచి దించేవాళ్ళు, కాళ్ళు ముందు. తల ముందు పెడితే ఇంటివైపు చూస్తూ పోతారట, చూస్తూ పోయినవాళ్ళు తిరిగొస్తారట. కాళ్ళు ముందు పెట్టి పంపేవాళ్ళు, తిరిగి రావద్దని. ఎంత ప్రేమో చూడండి మనుషులకి. బతికున్నవాళ్ళు ఆ దారిన దిగకూడదని ఎక్కడా రాసి లేదు, అయినా ఎవరూ దిగలేదు, నాకు తెలిసి. ఈ ఇంటి గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు, అదొక్కటే నేను జీవితంలో సంపాదించుకున్నది, అదీ సగం తప్పు. ఐవర్ మోకాళ్ళు పట్టేసినప్పుడు మెట్లు మార్పించుకుంటామని కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకున్నాం, రక్షిత కట్టడాల ఆఫీసరని సన్నపాటి మనిషొకడు వచ్చాడు. ఈ కంత చూసి మురిసిపోయాడు, నేల మీద బోర్లా పడుకుని చీలల్ని వేళ్ళతో తడిమాడు, ఎంత అరుదైనదో తెలుసా మీకు, మెట్లూ ముట్టుకోకూడదు, దీన్నీ ముట్టుకోకూడదు అన్నాడు. గోడకి మేకు కొట్టాలన్నా అడగాలట. మేమేదో ఆ ఇంటికి అద్దెకున్నట్టు మాట్లాడి, టీ తాగి, రెండో బిస్కెట్టు కూడా తిని వెళ్ళాడు. గోడలకున్న రక్షణలో కాస్త మాకుంటే ఎంత బాగుండేది. ఆ తర్వాత ఐవర్ మంచం వంటగదిలోకి దించాం. మొగుడు కింద, పెళ్ళాం పైన.

"దీనికి పర్మిషన్ గట్రా ఉండాలంటగా, మిసెస్ కెరిడ్జ్?" రస్సెల్ చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"నువ్వు పీకు నాయనా. జైలుకి నేను వెళ్తాలే, ఎలాగూ స్ట్రెచర్ మీదే కదా" అన్నాను. నవ్వాడు. ఇంతమందిని నవ్విస్తున్నాను, నా గుండెల్లో ఏం జరుగుతోందో ఎవడికీ తెలియదు. నా భయం తుంటి గురించి కాదు. పలక కిర్రుమన్నప్పుడల్లా కింద కుర్చీ కదిలిన చప్పుడు వినిపిస్తోంది, ఐవర్ లేచాడు, ఐవర్ వింటున్నాడు. ఆయనకి నా పేరు గుర్తులేదు, పొద్దున్న తిన్నాడో లేదో గుర్తులేదు, పెళ్ళయిందన్న సంగతి గుర్తులేదు, కానీ ఆ పలకలు ఎందుకు లేస్తాయో తెలుసు. నేనే నేర్పాను. ఇంట్లో మనిషి పోతేనే అవి లేస్తాయని సాయంత్రాలు కూచోబెట్టి మరీ చెప్పాను. ఇప్పుడు ఆ కంతలోంచి తాళ్ళ మీద నేను దిగితే, దిగుతుండగా ఆయన చూస్తే, నేను పోయినట్టే. ఇప్పుడాయన బుర్రలోకి ఏదీ వెళ్ళదు, ఇంటికి సంబంధించినదైతే మాత్రం వెళ్తుంది, వెళ్ళిందంటే ఇక బయటికి రాదు. ఆరు వారాలకో ఎనిమిది వారాలకో కర్ర పోటేసుకుని నేను గుమ్మంలోకొస్తే, ఎవరమ్మా నువ్వు, ఈ ఇంటావిడ పోయింది అంటాడు. అన్నాక ఎవరు చెప్పినా వినడు. ఇప్పుడు కనీసం నన్ను ఎవరో అనుకుని అయినా నా చేత తింటున్నాడు.

ఎవరో అనుకుని. కెజియా అనుకుని. ఆ పేరు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, మళ్ళీ ఏడుపొస్తుంది, ఎందుకంటే ఆవిణ్ణి ఈ ఇంట్లోకి తెచ్చి కూచోబెట్టింది నేనే. మాకు పిల్లల్లేరు. మా వాళ్ళంటూ చెప్పుకోవడానికి అటూ ఇటూ ఎవరూ మిగల్లేదు. ఈ ఇల్లు కొన్న కొత్తలో, ఇంత పాత ఇంట్లో ఎవరెవరున్నారో చూద్దామని సరదాగా మొదలుపెట్టాను, చర్చి పుస్తకాలూ, పాత జనాభా లెక్కలూ, శ్మశానంలో నాచు పట్టిన రాళ్ళూ, అలా బారెట్ల కుటుంబం దొరికింది. గుర్రాలు చూసుకునే జోబ్ బారెట్, వాడి పెళ్ళాం కెజియా, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు, నాలుగు తరాలు. దొరికినప్పుడు నాకు చుట్టాలు దొరికినట్టయింది, సిగ్గులేకుండా చెప్తున్నాను. కెజియా పిల్లల్లో సగం మంది చిన్నప్పుడే పోయారు, మొగుడు గుర్రం తన్ని పోయాడు, అయినా పళ్ళూడేదాకా బతికింది మహాతల్లి. నేను పొయ్యి వెలిగిస్తూ ఇక్కడే కదా ఆవిడా వెలిగించింది అనుకునేదాన్ని, నడుం నొప్పెడితే ఆవిడకెంత నొప్పెట్టిందో అనుకునేదాన్ని. ఐవర్ ఇప్స్‌విచ్ రూట్లో బస్సు నడిపేవాడు, స్టాపులన్నీ వరసగా కంఠతా వచ్చేవి, అలాగే బారెట్లనీ కంఠతా పట్టేశాడు. రాత్రి భోజనాలయ్యాక నేను చదువుతుంటే పైపు నోట్లో పెట్టుకుని, తర్వాతి స్టాపు జోబ్, తర్వాతి స్టాపు కెజియా, దిగేవాళ్ళు దిగండి అనేవాడు. ఎంత నవ్వుకున్నామో. కెజియా ఈ కంతలోంచే దిగి వెళ్ళింది ఐవర్, ఊరు ఊరంతా వంటగదిలో నిలబడింది అని చెప్పేదాన్ని. చూసినట్టే చెప్పేదాన్ని.

రెండో పలక కూడా కదిలింది, దుమ్ము లేచి జోడీ తుమ్ముతోంది, ఇంజక్షన్ పనిచేస్తున్నట్టుంది, నొప్పి పక్కగదిలోకి వెళ్ళి కూచున్నట్టుంది, పూర్తిగా పోలేదు, పిలిస్తే వస్తుంది. నేను బారెట్ల గురించి చెప్తున్నాను కదూ, ఎవరితో చెప్తున్నాను, ఎవరితోనూ కాదు. ఆ బారెట్లు ఈ ఇంట్లో ఎప్పుడూ లేరు. ఒక్కరోజు కూడా లేరు. పాత జనాభా లెక్కల్లో ఈ సందులో ఇళ్ళకి పేర్లు రాయలేదు, రాసే మనిషి నడుచుకుంటూ ఒక్కో గుమ్మం ముందు ఆగి మనుషుల పేర్లు రాసుకున్నాడు, అంతే, కాబట్టి వాడు ఎటు నుంచి నడిచాడో తెలిస్తేనే ఏ ఇల్లు ఏదో తెలుస్తుంది. చర్చి వైపు నుంచి నడిచాడనుకున్నాను. ఎవరైనా చర్చి నుంచే కదా మొదలుపెడతారు అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఊరికే తిరగేస్తుంటే సందు చివర మిల్లు పక్కనున్న పబ్బు యజమాని పేరు చివర్లో ఉండాల్సింది మొదట్లో కనబడింది. మిల్లు వైపు నుంచి నడిచాడు వాడు, వరసంతా తిరగబడింది. బారెట్ల ఇల్లు అవతలి కొస నుంచి రెండోది, నా తల్లి కాలంలోనే కాలిపోయింది, ఇప్పుడక్కడ దురదగొండి మొక్కలు తప్ప ఏమీ లేవు. మరి మా ఇంట్లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఊరి తరఫున పేదవాళ్ళని పెట్టే ఇల్లిది, దిక్కులేని ముసలమ్మలు, కాలు పోయిన సిపాయి, పెళ్ళికాకుండా కడుపొచ్చి వెళ్ళగొట్టబడ్డ పిల్లలు, కొన్నాళ్ళు ఉంచేవారు, ఊరి పెద్దలకి బుద్ధిపుట్టినప్పుడు ఖాళీ చేయించేవారు. ఒక్క ఇంటిపేరూ రెండోసారి కనబడలేదు. ఈ కంతలోంచి దిగినవాళ్ళకి కింద నిలబడి అందుకోవడానికి సొంతమనిషంటూ ఉన్నాడో లేడో. చుట్టాలనుకుని ఇన్నాళ్ళూ ఎవరింటివాళ్ళకో కూడు పెట్టాను, నా ఇంటివాళ్ళేమో మాలాగే ఎవరూ లేనివాళ్ళు. ఆ రోజు వంట చేయలేదు, దీపం వెయ్యలేదు.

ఐవర్‌కి చెప్పాలి కదా, చెప్దామని చూస్తే అప్పటికే ఆయన వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. ముందు తాళం చెవులు, తర్వాత వారాల పేర్లు, తర్వాత నేను. బారెట్లు మాత్రం పోలేదు. కెజియా ఇక్కడ లేదు ఐవర్, నేను పొరపాటు పడ్డాను అని నెత్తీనోరూ బాదుకుని చెప్పాను, చిన్నపిల్లాడిలా పెదవి విరిచాడు, మరి పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారు అని అడిగాడు. నేనే అన్నాను. నన్ను పైకీ కిందికీ చూసి, సరే కెజియా, కోపం తెచ్చుకోకు అన్నాడు. మూడేళ్ళయింది. ఆ రోజు నుంచి నేను ఈ ఇంట్లో ఎప్పుడూ లేని ఆడదాన్ని. ఎన్నోసార్లు రాత్రిళ్ళు ఆయన పక్కన కూచుని, ఏవిస్, ఏవిస్, ఏవిస్ అను అని అడిగాను, అన్నాడు కూడా, ఏవిస్ ఎవరు, ఏ స్టాపులో ఎక్కింది అన్నాడు. జోబ్‌కి పెళ్ళాన్నయ్యాను గానీ ఐవర్‌కి కాలేకపోయాను. ఇంతకన్నా దిక్కుమాలిన బతుకుంటుందా, ఎవరికి చెప్పుకోను.

"మారీన్" అని అరిచాను. అరుపు కాదు, ఏదో గొంతు వచ్చింది. పొద్దున్న గుడ్లివ్వడానికొచ్చి నన్ను చూసింది మా పక్కింటి మారీనే, వీళ్ళని పిలిచిందీ ఆవిడే. మెలిక మెట్లు రొప్పుతూ ఎక్కి తల ఒక్కటే పైకి పెట్టింది.

"ఏంటే, నొప్పా?"

"ఆయన్ని బయటికి తీసుకుపో. నీ ఇంటికి తీసుకుపో. కోళ్ళు చూపించు, ఏదన్నా చూపించు. నన్ను దించేటప్పుడు ఆయనక్కడ ఉండకూడదు."

"ఇందాకట్నుంచీ అదే కదా చేస్తున్నా. చెయ్యి పట్టుకుంటే విదిలిస్తున్నాడు. నన్ను బూతులు తిట్టాడు తెలుసా, ముప్పై ఏళ్ళలో మీ ఆయన నోట ఆ మాట వినలేదు నేను."

"ఏం తిట్టాడు?"

"అది నీకెందుకులే. ఇంట్లో ఎవరో పోయారంట, ఇంటి యజమాని కింద నిలబడకపోతే ఎవరు నిలబడతారు అంటున్నాడు. షేవింగ్ చేసుకుంటానని నీళ్ళు కూడా అడిగాడే. ఏం చెయ్యమంటావ్ చెప్పు."

షేవింగు. ఆయనంతట ఆయన అడిగి ఎన్నాళ్ళయిందో. నా చావుకి గడ్డం గీసుకుంటున్నాడు నా మొగుడు. నవ్వొచ్చింది, నవ్వితే తుంటిలో మంట లేచి కళ్ళ ముందు అంతా తెల్లబడింది, జోడీ నా మణికట్టు పట్టుకుని ఊపిరి తీసుకో బంగారం, ముక్కుతో తీసుకో అంటోంది. తీసుకుంటున్నానమ్మా, ఇప్పటిదాకా ఏం చేశాననుకున్నావ్.

"ఒక మాట చెప్పు" అన్నాను ఆ పిల్లతో. "ఇక్కడే ఉంచేస్తే ఏమవుతుంది? ఈ మంచం మీద. డాక్టరు ఇక్కడికే వస్తాడు. మందులిస్తే మింగుతాను."

"అలా కుదరదమ్మా. ఆపరేషన్ చెయ్యకపోతే లేవలేవు. న్యుమోనియా వస్తుంది. ఇలా పడుకునే..."

"పోతానన్నమాట."

"నేనలా అనలేదు."

"అను, ఫరవాలేదు. అప్పుడూ ఆ కంతలోంచే కదా దించేది. ఎటు తిరిగినా అదే దారి." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిచ్చిపిల్ల, కొత్తగా చేరినట్టుంది ఉద్యోగంలో. నాకే జాలేసింది. లోపల మాత్రం ఒక్కటే తిరుగుతోంది, నేను ఆస్పత్రిలో ఉంటే ఆయన్నెక్కడ ఉంచుతారు, మారీన్ రెండ్రోజులు చూస్తుంది, మూడో రోజు కౌన్సిల్ వాళ్ళకి ఫోన్ చేస్తుంది, తప్పేం లేదు, ఆవిడకీ ఎనభై దగ్గర పడుతున్నాయి, వాళ్ళొచ్చి ఆయన్ని ఏదో హోముకి తీసుకుపోతారు, గోడలన్నీ ఒకటే రంగు, కిటికీలు తెరుచుకోవు, అక్కడ బారెట్లూ ఉండరు, పొయ్యీ ఉండదు, ఆయన స్టాపులన్నీ పోతాయి. ఊరి పెద్దలు ఖాళీ చేయించినట్టే మమ్మల్నీ ఖాళీ చేయిస్తారు. ఈ ఇంట్లో మా పేరు కూడా రెండోసారి కనబడదు.

చివరి పలక లేచింది. కింది నుంచి వెచ్చటి గాలి, బొగ్గు వాసన, సబ్బు నురగ వాసన ఒక్కసారిగా పైకి కొట్టాయి. ఇన్నేళ్ళలో ఈ కంత తెరిచి చూడటం నాకిదే మొదటిసారి, మైనం రుద్దడమే గానీ తీసి చూసే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. నన్ను పలక లాంటి స్ట్రెచర్ మీద పెట్టి పట్టీలు బిగించారు, ఛాతీ మీద ఒకటి, తొడల మీద ఒకటి, నాలుగు మూలలా తాళ్ళు. తల కాస్త తిప్పి చూస్తే కంతలోంచి వంటగది కనబడింది, నా వంటగదే, ఎవరిదో వంటగదిలా ఉంది, బల్ల పక్కకి జరిపారు, అక్కడ ఐవర్ నిలబడి ఉన్నాడు. పైనుంచి చూస్తే నడినెత్తి బోసిగా, గులాబీ రంగులో, చెవి పక్కన సబ్బు నురగ. ఆదివారం కోటు వేసుకున్నాడు. బొత్తాలు తప్పు పెట్టుకున్నాడు, ఒక వైపు ఎత్తుగా ఒక వైపు కిందకి. నేను దగ్గరుంటే సరిచేసేదాన్ని.

"రస్సెల్" అన్నాను, "తల ముందు దించండి. కాళ్ళు ముందు వద్దు."

"ఏదీ ముందు కాదు మిసెస్ కెరిడ్జ్, సమానంగానే దించాలి, లేకపోతే ఎముక జరుగుతుంది."

"అయితే మొహం మీద దుప్పటి కప్పకండి."

"ఎందుకు కప్పుతాం? బతికున్న మనిషివి కదా" అన్నాడు. నేను బతికున్న మనిషినని ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పి చాలా కాలమైంది.

నేల అంచు నా మొహం పక్క నుంచి పైకి వెళ్ళింది, పలక మందం, దూలం, దూలం మీద పాత తాళ్ళు ఒరుసుకున్న గాట్లు, వేలెడు లోతు, ఎంతమందిని దించితే పడ్డాయో అవి, ఎవరి పేర్లూ తెలియవు, సిపాయి, ముసలమ్మలు, ఆ పిల్లలు. మాట్లాడాలి, మాట్లాడుతూ దిగాలి, శవాలు మాట్లాడవు కదా, ఆయనకి తెలియాలి. "ఐవర్" అన్నాను. "ఐవర్, నేనే. పడ్డాను, తుంటి విరిగింది, అంతే. ఆస్పత్రికి వెళ్ళొస్తాను. మారీన్ నీకు సూప్ వేడిచేసి పెడుతుంది, కాలుతుంది, ఊదుకుని తాగు. వింటున్నావా? నేను మాట్లాడుతున్నాను చూడు." నోరెండిపోయి మాటలు ముద్దగా వస్తున్నాయి, అయినా ఆపలేదు, ఏం వాగానో నాకే తెలియదు, కోళ్ళ గురించి కూడా ఏదో అన్నాను. తాళ్ళు ఆగాయి. కింద ఇద్దరు మనుషులు స్ట్రెచర్ అందుకున్నారు. ఐవర్ వాళ్ళని పక్కకి జరిపి నా తల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఉన్న టోపీని చంకలో పెట్టుకున్నాడు. నా మొహంలోకి వంగి చూశాడు, చాలాసేపు చూశాడు, గడ్డం దగ్గర తెగి సన్నగా రక్తం కారుతోంది. ఆ కళ్ళలో ఇంత నిలకడ చూసి మూడేళ్ళయింది.

"మా ఆవిడ" అన్నాడు రస్సెల్ మనుషుల వైపు తిరిగి. "ఏవిస్ కెరిడ్జ్. ఈ ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ వెతికి పట్టుకుంది ఈవిడే. రోజూ రాత్రి నాకు చదివి వినిపించేది."

మారీన్ నోటికి కొంగులా ఏప్రను అడ్డం పెట్టుకుంది. "ఐవర్, బతికే ఉందయ్యా. చూడు, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఇందాకట్నుంచీ నీతోనే మాట్లాడుతోంది" అంది.

"తెలుసమ్మా" అన్నాడు ఐవర్, ఓదార్చుతున్నట్టు. "కొందరికి అలాగే ఉండిపోతాయి." అని వంగి, సబ్బు వాసనేస్తున్న వేళ్ళతో నా కనురెప్పలు రెండూ మెల్లగా కిందికి దించాడు. బస్సు నడిపిన చెయ్యి, వేళ్ళ చివర గరుకు, ఎంత మెత్తగా దించాడో. కాసేపు అలాగే పట్టుకున్నాడు, మళ్ళీ తెరుచుకోకుండా. "ఏవిస్" అన్నాడు ఇంకోసారి, ఈసారి నాకే.

నేనిక్కడే ఉన్నానని అరవాలి. అరిస్తే ఆ పేరు పోతుంది, మళ్ళీ కెజియా అవుతాను, లేకపోతే ఎవరూ కాను. మోసుకుపోతున్నారు, గుమ్మం దాటాం, మొహానికి చలిగాలి తగిలింది, ఆయన అడుగులు మా వెనకే గులకరాళ్ళ మీద వస్తున్నాయి. జోడీ నా చెంప తడుతూ, బంగారం, కళ్ళు తెరువు, నాతో మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు అంటోంది. ఆగు తల్లీ, ఆయన చూస్తున్నాడు. నేను తెరవలేదు.